రెడ్ వేవ్ వస్తుందన్న సైట్లన్నీ వాడి చూశాను: 2022 మిడ్‌టర్మ్ జోస్యాల మీద రివ్యూ

ముందే స్టార్లు చెప్పేస్తాను, కిందిదాకా స్క్రోల్ చేసే ఓపిక అందరికీ ఉండదు. 2022 నవంబర్ 8న జరిగిన అమెరికా మిడ్‌టర్మ్ ఎన్నికల కోసం నేను ఫాలో అయిన జోస్యం సర్వీసులన్నిటికీ కలిపి అయిదుకి మూడు. విడివిడిగా అడిగితే న్యూయార్క్ టైమ్స్–సియెనా సర్వేలకు నాలుగున్నర, గెలుపు అవకాశాల్ని మోడల్‌తో లెక్కగట్టిన ఫైవ్‌థర్టీఎయిట్ సైటుకి నాలుగు, సర్వేల సగటులు చూపించే రియల్‌క్లియర్‌పాలిటిక్స్‌కి ఒక పేజీలో అయిదు, ఇంకో పేజీలో ఒకటి (ఎందుకో కింద చెప్తాను), బెట్టింగ్ సైట్లకు ఒకటి, టీవీ స్టూడియో చర్చలకు సున్నా. ఇంత పాత సరుకుకి ఇప్పుడు రివ్యూ ఎందుకంటే 2026 నవంబర్ 3న మళ్లీ మిడ్‌టర్మ్ ఉంది, మళ్లీ అవే పేర్లు, అవే గ్రాఫులు, ఈసారి కొన్నిటికి డబ్బులు కూడా కట్టాలి. కట్టేముందు పోయిన మిడ్‌టర్మ్‌లో వీళ్లు ఏం అమ్మారో, మనకు ఏం అందిందో ఒకసారి చూసుకోవాలి కదా.

నాకు ఓటు లేదు. హెచ్-1బీ మీద డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను, మా చుట్టుపక్కల హౌస్ (దిగువ సభ) సీట్లలో పోటీ కూడా నామమాత్రమే, అయినా టెన్షన్ మాత్రం ఓటున్నవాళ్ల కంటే నాకే ఎక్కువ. గ్రీన్‌కార్డు కంట్రీ క్యాప్ (ఒక్కో దేశానికి ఇన్నే అనే పరిమితి) బిల్లు ఏ కమిటీ ఛైర్మన్ టేబుల్ మీద మూలుగుతుందో తేల్చేది ఈ ఎన్నికలే మరి. స్టాండప్ మీటింగ్ నడుస్తుంటే పక్క ట్యాబ్‌లో సెనేట్ (ఎగువ సభ) మోడల్‌ని రిఫ్రెష్ కొట్టే బ్యాచ్ నాది. అన్నట్టు ఇక్కడ ఎరుపు రిపబ్లికన్లది, నీలం డెమోక్రాట్లది, రెడ్ వేవ్ అంటే రిపబ్లికన్లు ఊడ్చేస్తారని. మా నాన్నది ఖమ్మం, ఎరుపంటే ఆయన లెక్కలో వేరే పార్టీ, ఫోన్లో నేను రెడ్ వేవ్ అనగానే "అమెరికాలోనా? ఎప్పుడొచ్చిందిరా?" అని చాలా సంతోషపడ్డాడు. ఎక్కువసేపు నిలవలేదులే.

ఇంతకీ అమ్మింది ఏమిటి? మిడ్‌టర్మ్ అంటే ప్రెసిడెంట్ వచ్చి రెండేళ్లయ్యాక జరిగే ఎన్నికలు. హౌస్‌లో మొత్తం 435 సీట్లు, ఆ ఏడాది సెనేట్‌లో 35, గవర్నర్ పదవులు 36. ఇందులో ప్రెసిడెంట్ పార్టీకి దెబ్బ తగలడం ఆనవాయితీ. 1994లో క్లింటన్ పార్టీ హౌస్‌లో 54 సీట్లు పోగొట్టుకుంది, 2010లో ఒబామా పార్టీ 63, 2018లో ట్రంప్ పార్టీ 40. దగ్గరి కాలంలో 1998, 2002 మాత్రమే దీనికి మినహాయింపు. ఇక 2022 చూస్తే జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతం, నలభై ఏళ్లలో అంత లేదు. అదే నెలలో పెట్రోలు గ్యాలన్ దేశం మొత్తం మీద సగటున 5 డాలర్లు దాటింది. డెమోక్రాట్ ప్రెసిడెంట్ బైడెన్ బాగా చేస్తున్నాడు అన్నవాళ్లు నూటికి నలభై ఒకరో నలభై ఇద్దరో. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుంటే ఎవరికైనా ఊచకోతే అనిపిస్తుంది, అదే అమ్మారు కూడా. అక్టోబర్ చివరికల్లా కొంతమంది రిపబ్లికన్ నాయకులు ఏ కమిటీ ఎవరికి, ఎవరి మీద ఎంక్వైరీ వెయ్యాలి అని మాట్లాడుకోవడం కూడా మొదలెట్టారు, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు.

మనకు అందింది ఇది. హౌస్‌లో రిపబ్లికన్లు 222, డెమోక్రాట్లు 213. మెజారిటీకి 218 కావాలి, అంటే చావు తప్పి కన్ను లొట్టపోయిన గెలుపు, అది కూడా తేలడానికి నవంబర్ 16 దాకా ఆగాల్సి వచ్చింది. సెనేట్‌లో 50–50గా ఉన్నది కాస్తా డెమోక్రాట్లకి 51–49 అయింది, పదవిలో ఉండి పోటీ చేసిన సెనేటర్ ఒక్కరు కూడా ఓడిపోలేదు. మిషిగన్‌లో గవర్నర్ పదవితో పాటు శాసనసభలు రెండూ డెమోక్రాట్ల చేతికొచ్చాయి, దాదాపు నలభై ఏళ్ల తర్వాత. ఆ రాత్రి రిపబ్లికన్ సెనేటర్ లిండ్సే గ్రాహమే టీవీలో ఇది వేవ్ కాదని ఒప్పేసుకున్నాడు. ఆ బొటాబొటీ మెజారిటీతోనే రిపబ్లికన్ల హౌస్ నాయకుడు కెవిన్ మెకార్తీకి స్పీకర్ కుర్చీ ఎక్కడానికి 2023 జనవరిలో 15 రౌండ్ల ఓటింగ్ పట్టింది, అదే ఏడాది అక్టోబర్ 3న సొంత పార్టీవాళ్లు ఎనిమిది మంది డెమోక్రాట్లతో కలిసి ఓటేస్తే కుర్చీ ఊడింది. నాలుగైదు సీట్లు అటూ ఇటూ అయితే ఏం పోతుందిలే అనుకునేవాళ్లు ఆయన్ని అడగాలి.

ఇక ఒక్కో సర్వీసు సంగతి.

ఫైవ్‌థర్టీఎయిట్ తో మొదలెడతా. చూడ్డానికి భలే ఉండేది, ఒక నక్క బొమ్మ, చుక్కలు చుక్కలుగా గ్రాఫు, పైన లైట్, క్లాసిక్, డీలక్స్ అని మూడు రకాలు. లైట్‌లో సర్వేలు మాత్రమే, క్లాసిక్‌లో చందాలు, పాత ఫలితాలు లాంటివి కలుస్తాయి, డీలక్స్‌లో వాటికి తోడు కుక్ పొలిటికల్ రిపోర్ట్ లాంటి నిపుణుల రేటింగులు కూడా. డీలక్స్ ఆఖరి మాట ఏమిటంటే హౌస్ రిపబ్లికన్లకు వచ్చే అవకాశం 100లో 84, సెనేట్ 100లో 59. హౌస్‌లో సగటున 230 సీట్లు అంది, కానీ 214 నుంచి 246 దాకా ఏదైనా రావచ్చని కింద రాసి పెట్టింది. వచ్చింది 222. అంటే వాళ్లు చెప్పిన గీతల మధ్యలోనే పడింది. 100లో 59 అంటే దాదాపు టాస్ వేసినట్టే, దాన్ని చూసి సెనేట్ పోయింది అని డిసైడైపోయింది మనమే, మన వాట్సాప్ గ్రూపులే. ఒక స్టార్ ఎందుకు కట్ చేశానంటే వాషింగ్టన్ రాష్ట్రం మూడో డిస్ట్రిక్ట్ (హౌస్ నియోజకవర్గం). అక్కడ డెమోక్రాట్ మేరీ గ్లూసెన్‌క్యాంప్ పెరెజ్‌కి మోడల్ ఇచ్చిన ఛాన్స్ 100లో 2, ఆవిడ రెండున్నర వేల పైచిలుకు ఓట్లతో గెలిచింది. 435 సీట్లలో ఇలాంటివి ఒకటో రెండో జరుగుతాయి అని సర్దిచెప్పొచ్చు, కానీ అక్కడ అప్పటిదాకా ఉన్న రిపబ్లికన్ సభ్యురాలు ట్రంప్ అభిశంసనకి ఓటేసిందని ప్రైమరీలోనే (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలోనే) ఓడించి పంపేసి, జో కెంట్ అనే ముదురు అభ్యర్థిని నిలబెట్టారు. అభ్యర్థి మారితే సీటు స్వభావమే మారిపోతుంది, ఆ సంగతి మోడల్‌కి సరిగ్గా ఎక్కలేదు.

రియల్‌క్లియర్‌పాలిటిక్స్ మీద నాకు రెండు రకాల అభిప్రాయం ఉంది. దేశం మొత్తం మీద హౌస్ ఓట్లలో ఎవరు ముందున్నారు అనే సగటు పేజీలో వాళ్లు రిపబ్లికన్లకు 2.5 పాయింట్ల ఆధిక్యం చూపించారు, అసలు ఫలితం 2.8. ఇంతకంటే ఏం కావాలి? ఫైవ్‌థర్టీఎయిట్ అక్కడ 1.2 దగ్గరే ఆగింది. అదే సైట్‌లో సెనేట్ పేజీకి వెళ్తే రిపబ్లికన్లకు 53 సీట్లు అని రాసి ఉంది. పెన్సిల్వేనియాలో రిపబ్లికన్ మెహ్మత్ ఆజ్‌కి 0.4 ఆధిక్యం చూపించారు, డెమోక్రాట్ జాన్ ఫెటర్‌మన్ దాదాపు 5 పాయింట్లతో గెలిచాడు. న్యూహాంప్‌షైర్‌లో డెమోక్రాట్ మ్యాగీ హాసన్‌కి ఒకటిన్నర లోపే ఇచ్చారు, ఆవిడ గెలిచింది 9 పాయింట్లతో. సంగతేమిటంటే వీళ్లు వచ్చిన సర్వేనల్లా సగటులో పోసేస్తారు, ఏది గట్టిది, ఏది పార్టీ మనిషి చేయించింది అని పెద్దగా ఏరరు. ఆ అక్టోబర్‌లో రిపబ్లికన్ మొగ్గున్న సంస్థల సర్వేలు వరసపెట్టి దిగాయి, ట్రఫాల్గర్ అనే సంస్థ అయితే న్యూహాంప్‌షైర్‌లో రిపబ్లికన్ అభ్యర్థినే ముందుంచింది. దాని మీద ఇంకో పొర కూడా ఉంది. 2016లో, 2020లో సర్వేలు రిపబ్లికన్లను తక్కువ చేసి చూపించాయి కాబట్టి ఈసారి కూడా అంతే తప్పు ఉంటుందని ముందే కొంచెం కలిపేశారు. పోయినసారి ఉప్పు తక్కువైందని ఈసారి రుచి చూడకుండానే రెండు చెంచాలు వేసినట్టు.

బెట్టింగ్ సైట్ల గురించి ఎక్కువ చెప్పను. ప్రెడిక్ట్‌ఇట్ లాంటి చోట రిపబ్లికన్ సెనేట్ అనే కాంట్రాక్టు (నిజమైతే డాలర్ వచ్చే పందెం) ఎన్నికల ముందు డాలర్‌కి 70 సెంట్లు దాటి పలికింది. జనం సొంత డబ్బులు పెడతారు కాబట్టి కబుర్లు ఉండవు, నిజమే ఉంటుంది అని వీళ్ల సేల్స్ టాక్. పెట్టేవాళ్లు చూసేది కూడా అవే టీవీలు, అవే సగటులు అయినప్పుడు డబ్బులు పెడితే కొత్తగా తెలివి ఎక్కడినుంచి వస్తుంది?

న్యూయార్క్ టైమ్స్–సియెనా వాళ్లవి తక్కువ సర్వేలు, కానీ గట్టివి. అక్టోబర్ చివర్లో పెన్సిల్వేనియా ఫెటర్‌మన్‌కి 49–44 అన్నారు, ఇంచుమించు అదే తేడాతో వచ్చింది. ఆరిజోనాలో డెమోక్రాట్ మార్క్ కెల్లీకి 6 పాయింట్లు అన్నారు, 5 వచ్చింది. నెవాడాలో సమానం అన్నారు, డెమోక్రాట్ క్యాథరిన్ కోర్టెజ్ మాస్టో ఎనిమిది వేల లోపు ఓట్లతో బయటపడింది. ఇవి వచ్చిన రోజు మా ఆఫీసులో ఒక అమెరికన్ కొలీగ్ తోసిపారేశాడు, ఫెటర్‌మన్ డిబేట్ చూశాక ఇంకా ఎవడు ఓటేస్తాడు అని. మే నెలలో ఫెటర్‌మన్‌కి స్ట్రోక్ వచ్చింది, అక్టోబర్ 25 డిబేట్‌లో మాటలు తడబడ్డాడు, టీవీలన్నీ అదే క్లిప్ తిప్పి తిప్పి వేశాయి. జనం మాత్రం ఇంకోటి కూడా గుర్తుపెట్టుకున్నారు. టీవీ డాక్టరుగా పేరున్న ఆజ్, సూపర్‌మార్కెట్‌లో కూరగాయల అరల ముందు నిలబడి ఒక చేత్తో బ్రాకలీ, ఇంకో చేత్తో యాస్పరాగస్ పట్టుకుని, మా ఆవిడ పచ్చి కూరముక్కల ప్లేటు చెయ్యమంది, వీటికే 20 డాలర్లయింది, ఇదంతా బైడెన్ వల్లే అని ఒక వీడియో తీసుకున్నాడు. ఆ షాపు పేరు కూడా తప్పు చెప్పాడు. పైగా ఆయన చాలా ఏళ్లు ఉన్నది పక్కనున్న న్యూజెర్సీలో, ఫెటర్‌మన్ వేసవంతా ఆ ఒక్క పాయింటు మీదే ఆటపట్టించాడు. ధరలు పెరిగాయన్న కోపం నిజమే, కానీ ఆ కోపాన్ని మోసుకెళ్లే మనిషి కూడా కాస్త మనవాడిలా ఉండాలి కదా.

తర్వాత ఫైవ్‌థర్టీఎయిట్ వాళ్లే లెక్క తీశారు, 2022 సర్వేల సగటు తప్పు 4.8 పాయింట్లు, 1998 నుంచి వాళ్ల దగ్గరున్న రికార్డులో ఇంత తక్కువ తప్పు ఎప్పుడూ లేదు. అంటే సర్వేలు బాగున్నాయి. దేశం మొత్తం ఓట్ల లెక్క కూడా దాదాపు చెప్పినట్టే వచ్చింది, హౌస్‌కి రిపబ్లికన్లకు డెమోక్రాట్ల కంటే దాదాపు 30 లక్షల ఓట్లు ఎక్కువ. మరి వేవ్ ఎక్కడికి పోయింది? ఈ రివ్యూలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదొక్కటే: గాలి ఉంది, కానీ అవసరమైన చోట వీచలేదు, ఈ సర్వీసులు అమ్మిన ప్యాకేజీలో గాలి ఎంత అనేదే ఉంది తప్ప ఎక్కడ అనేది లేదు.

ఫ్లోరిడా చూడండి. 2018లో గవర్నర్ పోటీలో రిపబ్లికన్ రాన్ డిసాంటిస్ అరశాతం లోపు తేడాతో గట్టెక్కాడు, 2022లో 19 పాయింట్లతో గెలిచాడు, మయామి-డేడ్ కౌంటీ కూడా ఆయనకే పడింది. న్యూయార్క్‌లో నేరాల మీద భయంతో జనం తిరగబడ్డారు, డెమోక్రాట్లు గీసిన నియోజకవర్గాల మ్యాపుని కోర్టు కొట్టేసింది, రిపబ్లికన్లు నాలుగు హౌస్ సీట్లు లాక్కున్నారు. అందులో ఒకటి డెమోక్రాట్ల హౌస్ ప్రచారాన్ని దేశం మొత్తానికీ నడిపిన షాన్ ప్యాట్రిక్ మలోనీ సొంత సీటు. ఈ రెండు రాష్ట్రాల్లోనే ఉన్నవాడికి అయితే రెడ్ వేవ్ వచ్చినట్టే. కానీ ఫ్లోరిడాలో 5 పాయింట్లతో గెలిచినా 19తో గెలిచినా డిసాంటిస్‌ది ఒకటే గవర్నర్ కుర్చీ. అదే సమయంలో డెమోక్రాట్ గవర్నర్ అభ్యర్థులు మిషిగన్‌లో గ్రెచెన్ విట్మర్ 10 పాయింట్లతో, పెన్సిల్వేనియాలో జోష్ షపీరో దాదాపు 15తో గెలిచారు.

ఆ తేడాకి ఒక పెద్ద కారణం 2022 జూన్ 24. ఆ రోజు సుప్రీంకోర్టు అబార్షన్ హక్కుని కొట్టేసింది. ఆగస్టు 2న కాన్సాస్‌లో, పక్కా రిపబ్లికన్ రాష్ట్రంలో, ఆ రాష్ట్ర రాజ్యాంగం నుంచి ఆ హక్కు తీసేద్దామా అని ఓటింగ్ పెడితే నూటికి 59 మంది వద్దన్నారు. అదే నెలలో న్యూయార్క్ 19వ డిస్ట్రిక్ట్ ఉప ఎన్నికలో డెమోక్రాట్ ప్యాట్ రయన్ అనుకోకుండా గెలిచాడు, అలాస్కాలో డెమోక్రాట్ మేరీ పెల్టోలా ఏకంగా ఆ రాష్ట్ర మాజీ గవర్నర్, రిపబ్లికన్ సారా పేలిన్‌ని ఓడించింది. ఇవన్నీ కళ్ల ముందే ఉన్నాయి, సర్వే కూడా కాదు, నిజం ఓట్లు. అయినా అక్టోబర్ వచ్చేసరికి అదంతా వేసవి సంబరం, అయిపోయింది, ఇక ధరలే అని టీవీల్లో తీర్మానించేశారు. ఎన్నికల రోజు ఎగ్జిట్ పోల్‌లో ధరలు ముఖ్యం అన్నవాళ్లు 31 శాతం, అబార్షన్ అన్నవాళ్లు 27. న్యూయార్క్‌లో ఆ హక్కుకి ఢోకా లేదు కాబట్టి అక్కడ నేరాల గురించి మాట్లాడుకునే తీరిక ఉంది, మిషిగన్‌లో అదే బ్యాలెట్ మీద అబార్షన్ ప్రశ్న కూడా ఉంది. ఒకే దేశం, ఒకే రోజు, రెండు వేరే ఎన్నికలు.

అభ్యర్థుల సంగతి ఇంకా ఘోరం. ఆగస్టులోనే సెనేట్‌లో రిపబ్లికన్ల నాయకుడు మిచ్ మెకానెల్ నోరు జారినట్టు చెప్పాడు, సెనేట్‌లో అభ్యర్థుల నాణ్యత మీద చాలా ఆధారపడి ఉంటుంది, హౌస్ వచ్చినంత తేలిక కాదు అని. జార్జియా చూస్తే చాలు. అక్కడ రిపబ్లికన్ గవర్నర్ బ్రయన్ కెంప్ ఏడున్నర పాయింట్లతో సునాయాసంగా గెలిచాడు, అదే రోజు అదే బ్యాలెట్ మీద రిపబ్లికన్ సెనేట్ అభ్యర్థి, మాజీ ఫుట్‌బాల్ స్టార్ హర్షెల్ వాకర్‌కి కెంప్ కంటే 2 లక్షల పైచిలుకు ఓట్లు తక్కువ వచ్చాయి. ఎవరికీ 50 శాతం రాలేదు, డిసెంబర్ 6న రనాఫ్ (రెండో విడత పోటీ) పెట్టారు, డెమోక్రాట్ రఫాయెల్ వార్నాక్ గెలిచాడు. నెవాడాలో రిపబ్లికన్ జో లాంబార్డో పదవిలో ఉన్న గవర్నర్‌ని ఓడించాడు, సెనేట్ సీటు మాత్రం డెమోక్రాట్లకే. ఆరిజోనాలో ట్రెజరర్ పదవికి రిపబ్లికన్ కింబర్లీ యీ 11 పాయింట్లతో గెలిచింది, 2020 ఎన్నిక దొంగదని ఊరూరా చెప్పిన రిపబ్లికన్ కారీ లేక్ గవర్నర్ పోటీలో 17 వేల ఓట్లతో ఓడింది. ఇవి చూశాక కూడా జనం పార్టీ గుర్తు చూసి గుద్దేశారు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కూర్చుని, చదివి, పేరు పేరునా టిక్కు పెట్టారు.

ఇంకో మాట, ఇది చాలామంది డెమోక్రాట్ ఫ్రెండ్స్‌కి నచ్చదు. మా వాళ్లు వరదలా వచ్చి ఓటేశారు అందుకే వేవ్ ఆగింది అంటారు. ప్యూ రీసెర్చ్ అనే పరిశోధన సంస్థ వాళ్లు తర్వాత ఓటింగ్ రికార్డులతో సరిచూస్తే 2020లో ట్రంప్‌కి ఓటేసినవాళ్లలో 71 శాతం మంది 2022లో వచ్చారు, బైడెన్‌కి వేసినవాళ్లలో 67 శాతమే. అంటే రిపబ్లికన్లే ఎక్కువ కదిలారు, కానీ వచ్చినవాళ్లలో కొంతమంది వాకర్‌కీ లేక్‌కీ వెయ్యలేదు. ఎగ్జిట్ పోల్‌లో నాకు మతిపోయిన లైను ఒకటుంది: బైడెన్ పని "కొంతవరకు నచ్చలేదు" అన్నవాళ్లలో డెమోక్రాట్లకు 49, రిపబ్లికన్లకు 45. ప్రెసిడెంట్ మీద విసుగుంటే అవతలి పార్టీకి వేసేస్తారు అనే సూత్రం మీదే కదా ఈ దుకాణాలన్నీ నడిచింది, ఆ సూత్రం ఇక్కడ తిరగబడింది.

ఈ సూత్రంలో ఇంకో లోపం కూడా ఉంది, అది లెక్కల్లో కాస్త ఓపికున్నవాడు ఎవడైనా ముందే పట్టుకోవచ్చు. 2010లో రిపబ్లికన్లు 63 సీట్లు పెంచుకున్నారు అంటారు, నిజమే, కానీ అప్పుడు వాళ్లు మొదలెట్టింది 179 దగ్గర. 2022లో మొదలెట్టింది 213 దగ్గర, 2020లోనే చాలా తిరిగి తెచ్చేసుకున్నారు. 213కి 60 కలిపితే 273, అంత మెజారిటీ రిపబ్లికన్లకు వచ్చి తొంభై ఏళ్లు దాటింది. 1994లో అంత హడావుడి చేసిన గెలుపులో కూడా చివరికి వచ్చింది 230. ఇంకా తమాషా ఏమిటంటే 2020లో డెమోక్రాట్లు దేశం మొత్తం మీద 3 పాయింట్ల ఆధిక్యంతో తెచ్చుకున్న సీట్లు సరిగ్గా 222, రెండేళ్లకి రిపబ్లికన్లు 2.8 ఆధిక్యంతో తెచ్చుకున్నవీ 222. ఓట్లకు తగ్గ సీట్లే వచ్చాయి. ఎన్ని సీట్లు పెరుగుతాయి అని కాకుండా ఎక్కడ ఆగుతాయి అని అడిగుంటే ఎవరూ ఇంత ఆశ్చర్యపోయేవాళ్లు కాదు.

మనవాళ్ల కోణం ఒకటి చెప్పాలి. ఆ రాత్రి తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో సెనేట్ కంటే ఎక్కువ తిరిగిన పేరు అరుణా మిల్లర్, హైదరాబాద్‌లో పుట్టి చిన్నప్పుడే ఇక్కడికి వచ్చినావిడ, డెమోక్రాట్ల తరఫున మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా (గవర్నర్ తర్వాతి పదవి) గెలిచింది. మన ఆడబిడ్డ అని స్వీట్లు పంచుకున్నారు, బాగానే ఉంది, కానీ ఆ గెలుపులో కూడా పై కథే ఉంది. మేరీల్యాండ్‌లో అంతకుముందు ఎనిమిదేళ్లు గవర్నర్ రిపబ్లికనే, ల్యారీ హోగన్, జనానికి బాగా నచ్చినవాడు. ఆయన బలపరిచిన అభ్యర్థిని కాదని రిపబ్లికన్ ప్రైమరీలో ట్రంప్ బలపరిచిన డ్యాన్ కాక్స్‌ని ఎంచుకున్నారు. ప్రైమరీలో ఆ కాక్స్‌కే కలిసొచ్చేలా డెమోక్రాట్ల గవర్నర్ల సంఘం పది లక్షల డాలర్లు దాటి యాడ్లకి పెట్టింది, నిలబడితే ఓడించడం తేలిక అని. అలాగే ఓడించారు, వెస్ మోర్, అరుణా మిల్లర్ జోడీకి 32 పాయింట్ల ఆధిక్యం. ఈ ట్రిక్ మీద నాకు గౌరవం లేదు, ప్రజాస్వామ్యానికి ప్రమాదం అని తిట్టే మనిషికే వెనకనుంచి డబ్బులు పెట్టడం ఏం పద్ధతో నాకు అర్థం కాదు. పనిచేసింది మాత్రం నిజం.

ఇండియా సర్వేలతో పోలిస్తే ఎలా ఉంది అని మా నాన్న అడిగాడు. 2018 తెలంగాణ ఎన్నికలప్పుడు లగడపాటి రాజగోపాల్ కూటమికే మొగ్గు అన్నాడు, టీఆర్‌ఎస్ 88 సీట్లతో వచ్చింది, అది మా నాన్నకు ఇంకా గుర్తే. ఇక్కడ తేడా ఏమిటంటే ఒక పెద్దమనిషి ప్రెస్‌మీట్ పెట్టి నంబరు చెప్పి వెళ్లిపోవడం కాకుండా లెక్క ఎలా కట్టారో రాసి పెడతారు, తర్వాత ఎంత తప్పారో కూడా చాలామంది వాళ్లే రాస్తారు. ఫైవ్‌థర్టీఎయిట్‌కి నేనిచ్చిన నాలుగు స్టార్లలో ఒకటి దానికే.

టీవీకి సున్నా ఎందుకంటే వాళ్ల చేతిలో కూడా ఇదే సమాచారం ఉంది. ఎన్నికల రాత్రి ముందు ఫ్లోరిడా వచ్చింది, స్టూడియోలో అందరి ముఖాలూ మారిపోయాయి, ఇక మొదలైంది అన్నారు. కాసేపటికి వర్జీనియాలో డెమోక్రాట్ ఆబిగేల్ స్పాన్‌బర్గర్ ఏడో డిస్ట్రిక్ట్ నిలబెట్టుకుంది, మనవాళ్లు బాగా ఉండే లౌడన్ కౌంటీ వైపు ఇంకో డెమోక్రాట్ జెన్నిఫర్ వెక్స్‌టన్ కూడా గెలిచింది. వేవ్ నిజంగా ఉంటే ముందు మునగాల్సినవి ఇవే. అయినా ఇంకో రెండు గంటలు వేవ్ ఏది, వేవ్ ఏది అని మ్యాపుని రుద్దుతూనే ఉన్నారు. కొలరాడోలో ఎవరూ పోటీ సీటుగా కూడా లెక్కపెట్టని చోట రిపబ్లికన్ లారెన్ బోబర్ట్ 546 ఓట్లతో బయటపడేదాకా వచ్చింది వ్యవహారం.

2026 కోసం కొనేవాళ్లకి నా సలహా ఇది. ఫైవ్‌థర్టీఎయిట్ కోసం వెతక్కండి, దాన్ని నడిపిన ఏబీసీ టీవీ వాళ్లు 2025 మార్చిలో మూసేశారు. దాన్ని పెట్టిన నేట్ సిల్వర్ 2023లో బయటికొస్తూ తన మోడల్ కూడా వెంట తీసుకెళ్లాడు, ఇప్పుడు సిల్వర్ బులెటిన్ పేరుతో నడుపుతున్నాడు, అందులో కొంత డబ్బు కడితేనే కనిపిస్తుంది. శాతాలు చదివి బీపీ పెంచుకునే రకమైతే కట్టొద్దు. కుక్ పొలిటికల్ రిపోర్ట్ హౌస్ రేటింగులు చూడండి, మీ డిస్ట్రిక్ట్ అందులో టాసప్‌లో (ఎటైనా పోవచ్చు అనే జాబితాలో) లేకపోతే మీ ఇంటి ముందు పాతిన బోర్డులు చూసి దేశం సంగతి చెప్పొద్దు. దేశం మొత్తం సగటు రోజుకోసారి చూస్తే చాలు, సెనేట్‌కి మాత్రం రాష్ట్రాలవారీ గట్టి సర్వేలే. ప్రైమరీలో ఎవరు గెలిచారు, ఉప ఎన్నికల్లో ఏమైంది అనేవి రాసి పెట్టుకోండి, అవి ఉచితం. టైమ్స్–సియెనా సర్వేలు చదవడానికి సబ్‌స్క్రిప్షన్ కావాలి, కానీ కట్టే ముందు మీ ఊరి పబ్లిక్ లైబ్రరీ సైట్‌లోకి వెళ్లి చూడండి, చాలా లైబ్రరీలు కార్డు ఉన్నవాళ్లకి న్యూయార్క్ టైమ్స్ ఫ్రీగా ఇస్తున్నాయి. కార్డుకి సాధారణంగా ఐడీ, అడ్రస్ ప్రూఫ్ చాలు, సిటిజన్ అవ్వక్కర్లేదు.